అందరితో కలిసి గుట్ట ఎక్కడం: నాలుగు వాదాలు, తేలని ప్రశ్నలు

ప్రశ్న స్వరూపం

వయసు, ఆరోగ్యం, శరీర నిర్మాణం, నడక అలవాటు వేర్వేరుగా ఉన్న మనుషులను ఒకే బృందంగా కొండ మీదికి తీసుకెళ్లి క్షేమంగా దించడం ఎలా అన్న ప్రశ్న తెలుగు నేలపై పాతదే అయినా, గత రెండు దశాబ్దాలలో దానికి కొత్త ప్రాధాన్యం వచ్చింది. సెలవు రోజుల్లో కోటలకు, జలపాతాలకు బృందాలను నడిపించే ట్రెక్కింగ్ క్లబ్బులు హైదరాబాదు కేంద్రంగా విస్తరించాయి. గురుకుల పాఠశాలల పిల్లలు ఎవరెస్టు శిఖరాన్ని చేరారు. దివ్యాంగులకు క్రీడల్లో, వినోదంలో భాగస్వామ్యం చట్టబద్ధమైన హక్కుగా మారింది. తిరుమల కాలిబాటలో ఎవరు నడవవచ్చో, ఎవరు నడవకపోవడం మంచిదో దేవస్థానమే సూచించవలసి వచ్చింది. పైకి సంబంధం లేనట్టు కనిపించే ఈ పరిణామాలన్నిటి అడుగునా ఉన్నది ఒకే చర్చ: కొండ ఎక్కగల శక్తి ఎవరికి ఉందో నిర్ణయించేది ఎవరు, ఏ ప్రాతిపదికన?

ఇక్కడ భిన్న సామర్థ్యాల బృందం అంటే దివ్యాంగులు ఉన్న బృందం మాత్రమే అని అర్థం కాదు. చూపు లేనివారు, వినికిడి లేనివారు, చక్రాల కుర్చీ వాడేవారితో పాటు మోకాళ్ల నొప్పులున్న వృద్ధులు, మధుమేహం, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లలు, ఎన్నడూ గుట్ట ఎక్కని యువకులు కూడా అందులోకి వస్తారు. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని రుద్రంగి చుట్టుపక్కల ప్రాంతాన్ని చూస్తే ఈ విస్తృతార్థం ఎందుకు అవసరమో తెలుస్తుంది. రోజంతా మరమగ్గాల మధ్య నిలబడి పనిచేసే సిరిసిల్ల కార్మికుడి కాళ్ల శక్తి వేరు, గంటల తరబడి నేలమీద కూర్చుని బీడీలు చుట్టే కోరుట్ల మహిళ నడుము సత్తువ వేరు, మానాల వైపు తండాలలో చిన్ననాటి నుంచి గుట్టల మీద పశువులను మేపిన మనిషి ఊపిరి వేరు. ఈ ముగ్గురిలో ఎవరిని ‘సాధారణ నడకరి’గా తీసుకుని కాలం లెక్కగట్టినా మిగిలిన ఇద్దరికీ ఆ లెక్క తప్పుతుంది.

చరిత్ర: యాత్ర నుంచి ట్రెక్కు దాకా

తెలుగువారికి బృందంగా కొండ ఎక్కడం మొదట యాత్రగానే అలవాటైంది. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతుంది. యాత్రికుని శక్తిని పెంచడం సాధ్యం కానప్పుడు దారినే మార్చాలన్న ఆలోచనకు దాన్ని తొలి ఉదాహరణలలో ఒకటిగా చెప్పుకోవచ్చు. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో సాగే శ్రీశైల పాదయాత్ర, చైత్ర పౌర్ణమి రోజుల్లో మాత్రమే అడవిలోకి అనుమతి లభించే సలేశ్వరం జాతర, హనుమాన్ దీక్షాధారులు పగటి ఎండను తప్పించుకుంటూ ఊళ్లకు ఊళ్లుగా సాగించే కొండగట్టు నడక ఇవన్నీ నేటికీ వేలాది మందిని, ఎలాంటి ముందస్తు పరీక్షా లేకుండా, కలిపి నడిపిస్తున్నాయి.

యాత్రా సంప్రదాయంలోనే మరొక ధోరణి కూడా ఉంది. గిరి ప్రదక్షిణలో భక్తులు కొండ ఎక్కరు, దాని చుట్టూ నడుస్తారు. తెలుగువారు పెద్ద సంఖ్యలో వెళ్లే అరుణాచలంలో ఈ దారి సుమారు 14 కిలోమీటర్లు, ఆషాఢ పౌర్ణమి సందర్భంగా సింహాచలంలో జరిగే ప్రదక్షిణలో సుమారు 32 కిలోమీటర్లు. కొండతో అనుబంధానికి శిఖరం చేరడం తప్పనిసరి కాదన్న భావన ఇందులో ఇమిడి ఉంది. ఆధునిక ట్రెక్కింగ్ చర్చలో ఈ భావనకు దక్కవలసినంత చోటు ఇంకా దక్కలేదు.

ఆధునిక పర్వతారోహణ ఇందుకు భిన్నమైన మార్గంలో వచ్చింది. 1954లో డార్జిలింగులో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, 1965లో ఉత్తరకాశిలో నెహ్రూ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడ్డాక, శిక్షణ, శారీరక పరీక్ష, ధ్రువపత్రం అన్న క్రమం దేశంలో స్థిరపడింది. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో అధిరోహించడంతో తెలుగు నాట ఆ మార్గానికి గొప్ప ఆకర్షణ వచ్చింది. అయితే అది వ్యక్తి సాధన. బృందంలో అందరికంటే వెనుక నడిచేవారి గురించి ఆలోచించే పద్ధతి అందులో సహజంగా పుట్టదు. జనం అందరినీ కలుపుకొనే యాత్ర ఒకవైపు, శక్తిమంతులను ఏరుకొనే పర్వతారోహణ మరొకవైపు నిలవగా, నేటి బృంద ట్రెక్కు ఈ రెండింటి నడుమ తన పద్ధతిని వెతుక్కుంటున్నది. కింద సమీక్షించే నాలుగు వాదాలు ఆ అన్వేషణలోనివే.

మొదటి వాదం: ఎంపిక

కొండ ఎవరినీ మన్నించదు కాబట్టి అర్హత చూసే తీసుకెళ్లాలన్నది ఈ వాదం సారాంశం. దీనికి తెలంగాణలో అత్యంత ప్రసిద్ధ ఉదాహరణ 2014 మే 25న ఎవరెస్టు చేరిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్. రుద్రంగికి పొరుగు జిల్లా అయిన నిజామాబాద్‌లోని పాకాల గ్రామానికి చెందిన పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి ఎంపికైన పిల్లలకు భువనగిరి గుట్టపై రాతి ఆరోహణలో తొలి శిక్షణ ఇచ్చి, దశలవారీగా వడపోసి, చివరకు ఇద్దరిని పంపారు. పేద కుటుంబాల పిల్లలకు ఆ అవకాశం అందించడం వరకు ఈ పద్ధతి సమానత్వాన్ని సాధించింది. ఆ తరువాతి ప్రతి దశలోనూ దాని పని విడదీయడమే.

ఎంపిక వాదానికి భద్రత బలమైన ఆధారం. 2024 అక్టోబరులో తిరుమల తిరుపతి దేవస్థానం 60 ఏళ్లు దాటినవారు, గుండెజబ్బు, అధిక రక్తపోటు, మధుమేహం వంటివి ఉన్నవారు కాలినడకన కొండ ఎక్కకపోవడం మంచిదని సూచించింది. సుమారు 9 కిలోమీటర్ల నిడివి, 3,550 మెట్లు ఉన్న అలిపిరి బాటలో ఆయాసం, గుండెపోటు వంటి ఘటనల నేపథ్యంలో వచ్చిన ఆ సూచన వెనుక ఉన్న ఆందోళన న్యాయమైనదే.

అయితే అర్హతను వ్యక్తి శరీరంలో మాత్రమే వెతకడం ఈ వాదానికి ఉన్న బలహీనత. నేపాల్ ప్రభుత్వం 2017 డిసెంబరులో చూపు లేనివారికి, రెండు కాళ్లూ కోల్పోయినవారికి పర్వతారోహణ అనుమతిని నిషేధించినప్పుడు ఈ బలహీనత ప్రపంచానికంతటికీ కనిపించింది. ఆ దేశ సుప్రీంకోర్టు 2018లో నిషేధాన్ని నిలిపివేసింది. మోకాళ్ల పైవరకు రెండు కాళ్లూ కోల్పోయిన మాజీ గూర్ఖా సైనికుడు హరి బుధా మగర్ 2023 మే 19న ఎవరెస్టు చేరాడు. ఒక వర్గానికి చెందడాన్ని బట్టి అర్హత నిర్ణయించడానికీ, ఒక మనిషి పరిస్థితిని తెలుసుకుని నిర్ణయించడానికీ ఉన్న తేడాను ఈ ఉదంతం స్పష్టం చేసింది.

రెండవ వాదం: ఏకబృందం

అందరూ కలిసి బయలుదేరి, అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగంతో సాగి, కలిసే తిరిగి రావాలని ఈ వాదం చెబుతుంది. 2001 మే 25న ఎవరెస్టు చేరిన తొలి అంధుడు ఎరిక్ వీహెన్‌మేయర్ ప్రయాణం దీనికి ప్రసిద్ధ నిదర్శనం. ముందు నడిచే సహచరులు ధరించిన చిరుగంటల శబ్దాన్ని బట్టి ఆయన దారిని గుర్తించేవాడు. చూపు లేకపోవడం అలాగే ఉన్నా, బృందం తన అలవాటును కొద్దిగా మార్చుకోవడంతో ఆయన సామర్థ్యం మారింది. భారతదేశంలోనూ అంధులు, దివ్యాంగులు, ఇతరులు జంటలుగా, బృందాలుగా కలిసి సాహస క్రీడల్లో పాల్గొనే కార్యక్రమాలను పుణె కేంద్రంగా పనిచేసే అడ్వెంచర్స్ బియాండ్ బారియర్స్ ఫౌండేషన్ నిర్వహిస్తున్నది.

ఏకబృంద వాదంలోని విలువ స్పష్టమే గానీ ఆచరణలో దానికి ఒక సూక్ష్మమైన లోపం ఎదురవుతుంది. వేగంగా నడిచేవారు ముందుకు వెళ్లి ఒక బండ మీద కూర్చుని విశ్రాంతి తీసుకుంటారు. వెనుకబడినవారు రొప్పుతూ అక్కడికి చేరగానే ‘అందరూ వచ్చారు కదా, పదండి’ అని ముందువారు లేస్తారు. అవసరం లేనివారికి పది నిమిషాల విశ్రాంతి దొరుకుతుంది, అవసరమైనవారికి ఒక్క నిమిషం కూడా దొరకదు. ఇదే మూడు నాలుగుసార్లు జరిగితే చివరివారి శక్తి పూర్తిగా హరించుకుపోతుంది. పైకి కలిసి నడుస్తున్నట్టు కనిపించే బృందం నిజానికి బలహీనులనే ఎక్కువ శ్రమ పెడుతుంది. అందుకే అనుభవజ్ఞులైన నాయకులు విశ్రాంతి సమయాన్ని చివరి మనిషి కూర్చున్న క్షణం నుంచి లెక్కిస్తారు, నెమ్మదిగా నడిచేవారిని ముందు వరుసలో నాయకుని వెనుకనే ఉంచుతారు.

మూడవ వాదం: అంచెలు

ఒకే రోజు, ఒకే కొండకు, వేర్వేరు నిడివి గల దారులలో వేర్వేరు బృందాలను పంపి, చివరకు ఒక చోట కలపడం మంచిదని మూడవ వర్గం అంటుంది. స్విస్ ఆల్పైన్ క్లబ్ కొండదారులను ‘టీ1’ నుంచి ‘టీ6’ వరకు ఆరు తరగతులుగా విభజించింది. తమిళనాడు ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రారంభించిన ‘ట్రెక్ తమిళనాడు’ పథకంలో 40 దారులను సులభం, మధ్యస్థం, కఠినం అని వర్గీకరించి, స్థానికులకు మార్గదర్శకులుగా శిక్షణ ఇచ్చి నియమించారు. దారికి తరగతి ఉంటే మనిషి తన శక్తిని తానే అంచనా వేసుకోగలడు, నాయకుడు ఎవరినీ ‘నీవు రావద్దు’ అనవలసిన అవసరం రాదు. ఇది ఈ వాదానికి ప్రధాన బలం.

అంచెల పద్ధతిలో దాగిన ప్రమాదాన్ని స్కాట్లాండులోని కెయిర్న్‌గార్మ్ పీఠభూమిపై 1971 నవంబరులో జరిగిన దుర్ఘటన చూపుతుంది. ఎడిన్‌బరో విద్యార్థుల యాత్రలో నడక శక్తిని బట్టి పిల్లలను రెండు బృందాలుగా విడదీశారు. మంచుతుపానులో శక్తిమంతుల బృందం ఆశ్రయం చేరుకోగా, బలహీనుల బృందం ఆరుబయట చిక్కుకుపోయింది. ఐదుగురు విద్యార్థులు, ఒక యువ సహాయకురాలు మరణించారు. విడదీసినప్పుడు అనుభవజ్ఞుడైన నాయకుడు బలమైన బృందంతో వెళ్లి, తక్కువ అనుభవం ఉన్నవారు బలహీన బృందంతో మిగలడం పర్వత యాత్రలలో తరచూ కనిపించే పొరపాటు. అంచెలుగా నడిపించదలిస్తే అత్యంత అనుభవజ్ఞుడు అత్యంత నెమ్మదైన బృందంతోనే ఉండాలన్నది ఆ విషాదం నుంచి గ్రహించవలసిన పాఠం.

నాలుగవ వాదం: సౌకర్యాలు

మనుషులను వర్గీకరించడం కంటే దారిని, సాధనాలను మార్చడం మేలని ఈ వాదులు భావిస్తారు. మెట్లు, చేతిపట్టు కడ్డీలు, విశ్రాంతి మండపాలు, తాగునీరు, ఘాట్ రోడ్డు, రోప్‌వే ఈ కోవలోకి వస్తాయి. ఫ్రాన్సుకు చెందిన పర్వత మార్గదర్శకుడు జోయెల్ క్లోడెల్ కండరాల క్షీణత ఉన్న తన మేనల్లుడి కోసం 1987లో రూపొందించిన ఒంటిచక్రపు కుర్చీ ‘జోలెట్’ ఈ ఆలోచనకు చిన్నదైనా చక్కని ఉదాహరణ. ముందొకరు లాగుతూ, వెనుకొకరు నిలబెడుతూ దాన్ని రాతి దారులలో నడిపిస్తారు. శబరిమలలో కనిపించే డోలీ కూడా ఇదే అవసరానికి మన దేశంలో పుట్టిన సాధనం. అయితే అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను, రోగులను డోలీలో మోసుకురావలసి రావడం తీరని అన్యాయంగా మిగిలి ఉందని మరువరాదు. ఇష్టపడి ఎక్కడానికి వాడే సాధనానికీ, గత్యంతరం లేక వాడే సాధనానికీ నైతికంగా చాలా దూరం ఉంది.

సౌకర్య వాదం ఆపదను తొలగిస్తుందని అనుకోవడం తొందరపాటవుతుంది. చాలాసార్లు ఆపద స్థానం మారుతుంది, అంతే. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిన విషాదం ఈ ప్రాంతపు ప్రజల స్మృతిలో ఇంకా పచ్చిగానే ఉంది. ఇక రోడ్డు, కాంక్రీటు పెరిగినకొద్దీ గుట్ట తన సహజ స్వభావాన్ని కోల్పోతుందని, ఎలుగుబంట్ల వంటి జంతువుల తావులు చెదురుతాయని పర్యావరణ దృష్టితో వచ్చే అభ్యంతరం కూడా తోసిపుచ్చదగినది కాదు.

తులనాత్మక సారాంశం

- ఎంపిక వాదం: అర్హతను మనిషిలో చూస్తుంది. ఎత్తైన, చల్లని, సహాయం అందని పర్వతాలకు తగినది. వర్గం పేరుతో మనుషులను బయట ఉంచే అపాయం దీనికి ఉంది.
- ఏకబృంద వాదం: అర్హతను బృందంలో చూస్తుంది. చిన్న గుట్టలకు, తగినంత మంది సహాయకులు ఉన్న నడకలకు తగినది. విశ్రాంతి, వేగం సరిగా పాటించకపోతే బలహీనులకే భారమవుతుంది.
- అంచెల వాదం: అర్హతను దారిలో చూస్తుంది. ఒకే కొండకు పలు బాటలు ఉన్నచోట తగినది. అనుభవజ్ఞులైన నాయకులు కనీసం ఇద్దరు లేనిచోట ప్రమాదకరం.
- సౌకర్య వాదం: అర్హతను నిర్మాణంలో, సాధనాలలో చూస్తుంది. పుణ్యక్షేత్రాలకు, కోటలకు తగినది. ఖర్చు, నిర్వహణ, ప్రకృతిపై ప్రభావం దీని పరిమితులు.

నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇవి ఒకదానికొకటి శత్రువులు కావని తెలుస్తుంది. సామర్థ్యం అన్నది శరీరం, సహచరులు, దారి, సాధనాలు, కాలం అన్నీ కలిసి ఏర్పరిచే ఫలితం. ప్రతి వాదమూ అందులో ఒక్క అంశాన్ని పట్టుకుని మిగిలినవాటిని మరచినప్పుడే తప్పుదారి పడుతుంది.

ఏకాభిప్రాయం ఉన్న పద్ధతులు

వాదాలు ఎన్ని ఉన్నా, బృందాన్ని నడిపించే పనిలో కొన్ని పద్ధతులపై దాదాపు అందరూ అంగీకరిస్తారు.

మొదటిది కాలం లెక్క. స్కాట్లాండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ప్రతిపాదించిన సూత్రం, నేటి కొలతల్లో చెప్పాలంటే, సమతల దూరానికి గంటకు 5 కిలోమీటర్లు, అదనంగా ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఒక గంట చొప్పున లెక్కిస్తుంది. 150 మీటర్ల ఎత్తున్న గుట్టకు 3 కిలోమీటర్ల తొవ్వ ఉంటే, నడకకు 36 నిమిషాలు, ఎత్తుకు 15 నిమిషాలు, మొత్తం 51 నిమిషాలు పడుతుందని ఆ సూత్రం చెబుతుంది. కానీ అది దృఢకాయులైన నడకరుల లెక్క. వృద్ధులు, పిల్లలు, చూపు లేనివారు ఉన్న బృందానికి అదే గుట్టకు రెండు గంటలు కేటాయించడం వివేకం. దిగడానికి తక్కువ సమయం చాలునన్న నమ్మకం మరొక పొరపాటు. దిగేటప్పుడు శరీర బరువును ఆపే పని మోకాళ్ల మీద, తొడ కండరాల మీద పడుతుంది కాబట్టి, కీళ్లనొప్పులు ఉన్నవారికి ఎక్కడం కంటే దిగడమే కష్టం.

రెండవది వెనుదిరిగే వేళ. శిఖరం ఎంత దూరంలో ఉన్నా సరే, ముందే నిర్ణయించుకున్న ఒక సమయానికి బృందమంతా వెనక్కి మళ్లడాన్ని ఈ పేరుతో వ్యవహరించవచ్చు. పది గంటలకల్లా కిందికి చేరాలని, దిగడానికి రెండు గంటలు కావాలని అనుకుంటే ఎనిమిదింటికి ఎక్కడ ఉంటే అక్కడి నుంచే తిరగాలి. ఈ వేళను బయలుదేరే ముందే అందరికీ ప్రకటిస్తే, శిఖరం చేరలేకపోవడం ఏ ఒక్కరి బలహీనతగానూ కనిపించదు. నెమ్మదిగా నడిచిన మనిషి ఆత్మగౌరవాన్ని కాపాడేది ఈ చిన్న నియమమే.

మూడవది వరుస. ముందు తొవ్వ తెలిసిన నాయకుడు, చివర ఎవరినీ తన వెనుక మిగలనివ్వని ‘స్వీప్’, మధ్యలో సహాయకులు ఉండాలి. చూపు లేనివారు సహచరుని మోచేతినో, ఇరుకు దారిలో అతని వీపు సంచినో పట్టుకుని నడుస్తారు. ‘జాగ్రత్త’ అనే ఒక్క మాట వారికి దేనికీ పనికిరాదు. ‘కుడివైపు మోకాలెత్తు బండ, దాని తర్వాత పల్లం’ అన్న కచ్చితమైన మాట కావాలి. వినికిడి లేనివారి విషయంలో ఆగడం, నీళ్లు, నొప్పి, ప్రమాదం అన్నవాటికి సైగలను బయలుదేరక ముందే ఒప్పుకోవాలి, నాయకుడు వారి కంటికి ఆనేలా నడవాలి.

నాలుగవది సమాచారం. ఆరోగ్య వివరాలను అందరి ముందూ కాకుండా విడిగా అడగడం, మధుమేహం ఉన్నవారి వద్ద తీపి పదార్థం, ఉబ్బసం ఉన్నవారి వద్ద ఇన్‌హేలర్ ఉన్నాయో లేదో చూడడం, దారి నిడివి, మెట్లు, నీడ, నీరు, ప్రమాదకరమైన తావుల గురించి దాచకుండా చెప్పడం నాయకుని కనీస ధర్మాలు. ‘చిన్న గుట్టే, ఏమీ కాదు’ అన్న భరోసా వినడానికి దయగా ఉంటుంది గానీ, మనిషికి తన శక్తిని తాను అంచనా వేసుకునే అవకాశాన్ని అది తీసివేస్తుంది.

చట్టం, అనుమతి, బాధ్యత

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తింపు పొందిన వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. దాని 29, 30 సెక్షన్లు సాంస్కృతిక జీవనంలో, వినోదంలో, క్రీడల్లో దివ్యాంగుల భాగస్వామ్యానికి వీలు కల్పించవలసిన బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచాయి. హక్కు చట్టంలో స్థిరపడినా, కొండదారుల విషయంలో దాన్ని ఎలా అమలు చేయాలో చెప్పే వివరమైన ప్రమాణాలు గ్రామస్థాయికి చేరలేదు.

మరోవైపు, తెలంగాణలో అమలులో ఉన్న 1967 నాటి అటవీ చట్టం రిజర్వు అడవిలోకి అనుమతి లేని ప్రవేశాన్ని నేరంగా పరిగణిస్తుంది. ఇలాంటి నియమం కేవలం కాగితపు అడ్డంకి కాదని తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో 2018 మార్చి 11న జరిగిన దుర్ఘటన నిరూపించింది. వేసవి కార్చిచ్చులో చిక్కుకున్న ట్రెక్కింగ్ బృందాలలో 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత అదే ఏడాది తమిళనాడు అటవీ ట్రెక్కింగుకు ప్రత్యేక నియమావళిని తెచ్చింది. అటవీశాఖకు ముందే సమాచారం ఉంటే మంటల జాడ, జంతువుల సంచారం గురించి హెచ్చరిక అందుతుంది, ప్రమాదవేళ ఎవరిని ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

సంస్థాగత స్పందనకు తిరుమల మరొక ఉదాహరణ. 2023 ఆగస్టులో అలిపిరి బాటలో చిరుత దాడిలో ఆరేళ్ల బాలిక మరణించాక, పిల్లలతో వచ్చేవారిని మధ్యాహ్నం తర్వాత నడకకు అనుమతించకపోవడం, భక్తులను గుంపులుగా భద్రతా సిబ్బందితో పంపడం, చేతికర్రలు ఇవ్వడం వంటి చర్యలు తీసుకున్నారు. నడకను పూర్తిగా ఆపకుండా, వేళను, గుంపును, సాధనాన్ని మార్చి కొనసాగించడం ఇందులో గమనించదగిన అంశం.

ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్నది మాత్రం చిక్కు ప్రశ్నే. రుసుము తీసుకున్న నిర్వాహకులు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపానికి జవాబుదారులవుతారు. పాల్గొనేవారి సంతకంతో తీసుకునే అంగీకార పత్రం ఆపద గురించి ముందే చెప్పినట్టు రుజువుగా ఉపయోగపడుతుంది గానీ, నిర్లక్ష్యానికి రక్షణ కవచం కాజాలదు. రుసుము లేకుండా, సేవాభావంతో ఊరివారిని నడిపించే ఉపాధ్యాయుడు, యువజన సంఘం కార్యకర్త బాధ్యత ఎంతవరకు అన్నదానిపై స్పష్టత కొరవడడంతో, చాలామంది దివ్యాంగులను పిలవకపోవడమే క్షేమమనుకుంటున్నారు.

రుద్రంగి ప్రాంతానికి ఈ చర్చ చెప్పేది

హిమాలయాల చర్చలో సగభాగాన్ని ఆక్రమించే ఎత్తు జబ్బు, మంచు, ప్రాణవాయువు కొరత ఈ ప్రాంతపు గుట్టలకు వర్తించవు. ఇక్కడి ప్రమాదాలు వేరు. పక్కనే ఉన్న జగిత్యాల జిల్లా వేసవిలో రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాలలో ఒకటి. 45 డిగ్రీల ఎండలో పరుపుబండ పెనంలా కాలుతుంది. వానాకాలంలో అదే బండ పాచిపట్టి జారుతుంది. కొండ చరియలకు పెద్ద తేనెటీగల పట్టులు ఉంటాయి. పొగ, అత్తరు, కేకలు వాటిని రెచ్చగొడతాయి. వేగంగా పరుగెత్తలేని సభ్యులున్న బృందానికి ఇది ప్రత్యేకమైన ఆపద కాబట్టి, పట్టులున్న తొవ్వను ముందే చూసి తప్పించడం తప్ప మరో మార్గం లేదు. మాట తడబడడం, మనిషి అయోమయంగా ప్రవర్తించడం వడదెబ్బ ముదిరిందనడానికి గుర్తులు. అప్పుడు నడక ఆపి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి చల్లబరుస్తూ వైద్యానికి తరలించడమే చేయవలసిన పని. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, తెల్లవారుజామున మొదలయ్యే నడకలు ఈ నేలకు సరిపోతాయి.

అనుకూలతలూ తక్కువేమీ కాదు. వేములవాడ దారిలోని నాంపల్లి గుట్ట, కరీంనగర్ సమీపంలోని ఎలగందుల కోట, పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ఖిల్లా, కొండగట్టు, ఇంకా రుద్రంగి, మానాల పరిసరాల గుట్టలు ఎత్తులో, దారిలో, నీడలో ఒకదానికొకటి భిన్నమైనవి. మెట్లు ఉన్న చిన్న గుట్టతో మొదలుపెట్టి, కోట గోడల వెంట నడకకు, అక్కడి నుంచి రామగిరి వంటి పొడవైన అడవి దారికి చేరే క్రమాన్ని ఒక్క ఉమ్మడి కరీంనగర్ పరిధిలోనే రూపొందించవచ్చు. ఎక్కలేనివారి కోసం గుట్ట చుట్టూ సాగే నడకను, ప్రదక్షిణ సంప్రదాయం స్ఫూర్తితో, సమాన గౌరవం గల దారిగా చేర్చవచ్చు. అడవి తొవ్వలు, వాగులు, జంతువుల జాడలు ఎరిగిన తండావాసులు, పశుల కాపరులు ఈ పనికి సహజమైన మార్గదర్శకులు. వారికి ప్రథమ చికిత్సలో, దివ్యాంగుల సహాయంలో శిక్షణ, తగిన వేతనం ఇవ్వడం అన్ని విధాలా న్యాయం.

తేలని ప్రశ్నలు

కొన్ని విషయాలలో ఇప్పటికీ తీర్పు చెప్పడం సాధ్యం కాదు. ఆరోగ్య పరిస్థితి తెలిసీ నడవాలని కోరుకునే పెద్దవయసు మనిషిని ఆపే అధికారం నాయకునికి ఉందా, లేక హెచ్చరించడంతో అతని బాధ్యత తీరుతుందా? ఒకరి స్వేచ్ఛ బృందమంతటి భద్రతతో ముడిపడినప్పుడు ఈ ప్రశ్న మరింత జటిలమవుతుంది. ఒక దివ్యాంగునికి ఎందరు సహాయకులు అన్న నిష్పత్తిని నియమంగా పెట్టాలా, గుట్టను బట్టి నాయకుని విచక్షణకు వదలాలా అన్నది మరొకటి. నియమం లేకపోతే ప్రాణాపాయం, కఠిన నియమం ఉంటే సహాయకులు చాలలేదన్న కారణంతో దివ్యాంగులను ఇంట్లో కూర్చోబెట్టే అపాయం. రోప్‌వే, రోడ్డు వంటి నిర్మాణాలు ఎంతవరకు అన్నదానిపై అందుబాటు కోరేవారికీ అడవిని కాపాడాలనేవారికీ మధ్య సమాధానం కుదరలేదు. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. వీటికి తోడు, మహిళలు, ముఖ్యంగా కుటుంబ బాధ్యతల మధ్య తీరిక దొరకని శ్రామిక మహిళలు, ఈ నడకలకు రాగల వేళలు, మరుగుదొడ్లు, ప్రయాణ భద్రత గురించిన చర్చ ఇంకా ప్రాథమిక దశలోనే ఉంది.

ముగింపు

ఈ చర్చ మొత్తాన్ని పరిశీలిస్తే, శిఖరం చేరినవారి సంఖ్యతో బృంద నాయకత్వాన్ని కొలవడం వదులుకోనంత కాలం ఏ వాదమూ పూర్తి ఫలితం ఇవ్వదని తెలుస్తుంది. ఎందరికి ముందే నిజమైన సమాచారం అందింది, ఎందరు తమ దారిని తామే ఎంచుకోగలిగారు, చివరి మనిషికి విశ్రాంతి దొరికిందా, మధ్యలో వెనుదిరిగినవారు అవమానం లేకుండా తిరిగి వచ్చారా, మరోసారి నడవాలని ఎందరు కోరుకున్నారు అన్నవే సరైన కొలమానాలు. జిల్లా యంత్రాంగం, అటవీశాఖ, దేవాలయాలు, పాఠశాలలు, దివ్యాంగుల సంఘాలు కలిసి ఈ ప్రాంతపు గుట్టలకు దారి వివరాల పట్టికలు తయారు చేసి ప్రతి గుట్ట మొదట ప్రదర్శించడం తొలి అడుగు కాగలదు. తొవ్వ నిడివి, ఎత్తు, మెట్ల సంఖ్య, నీడ, నీరు, తేనెపట్టుల తావులు, నెమ్మదిగా నడిచేవారికి పట్టే సమయం అన్నీ తెలుగులో, చూపు లేనివారి కోసం బ్రెయిలీలో, చదవలేనివారి కోసం బొమ్మలలో ఉండాలి. ఆ పట్టికకు పెద్ద ఖర్చు అవసరం లేదు, కొత్త చట్టం అవసరం లేదు. కొండ ఎక్కే నిర్ణయాన్ని ఆ మనిషి చేతికే అప్పగించే పని అక్కడి నుంచే మొదలవుతుంది.